పాలకుడికి పగ్గం వేసిందెవరు?

అందరికీ నమస్కారం. మతమూ సిద్ధాంతమూ రాజకీయ నాయకుల్ని ఎలా మలిచాయో మాట్లాడమన్నారు. మామూలుగా ఈ విషయం ఎత్తుకుంటే ఎవరు ఏ దేవుణ్ణి నమ్మారు, ఎవరు ఏ జెండా పట్టుకున్నారు అని వరసగా చెప్పుకుంటూ పోతాం. నాకు అందులో పెద్దగా ఆసక్తి లేదు. నేను వెతికేది వేరే. ఒక పాలకుడు తన నమ్మకం కోసం తాను ఏం వదులుకున్నాడు? అన్నీ తన చేతిలో ఉన్నప్పుడు ఆ నమ్మకం అతన్ని "ఆగు" అందా, "కానివ్వు" అని భుజం తట్టిందా? గుర్రానికి పగ్గం ఉన్నట్టు పాలకుడికి నమ్మకం ఉందనుకుందాం. మరి ఆ పగ్గం రెండో కొస ఎవరి చేతిలో ఉంది? ఈ సాయంత్రం నేను మాట్లాడేదంతా ఈ ప్రశ్న చుట్టూనే.

అశోకుడితో మొదలుపెడతాను. ఆయన గురించి ఇతరులు రాసినవి పక్కన పెట్టినా, ఆయన సొంత మాటలు బండల మీద మిగిలాయి. మనం ఎంతో దూరం పోనక్కర్లేదు. కర్నూలు జిల్లాలో గుత్తి నుంచి పత్తికొండ వెళ్ళే దారిలో ఎర్రగుడి ఉంది. అక్కడి బండల మీద ఆయన పద్నాలుగు పెద్ద శాసనాలూ ఉన్నాయి, చిన్న శాసనాలూ ఉన్నాయి. చిన్న శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, ఆ కింది పంక్తి కుడి నుంచి ఎడమకి చెక్కారు. ఎండ ఏటవాలుగా పడే పొద్దున పూట వెళితే ఆ బ్రాహ్మీ అక్షరాలు బాగా కనిపిస్తాయి. ఇంకా చూడనివాళ్ళు ఒకసారి తప్పకుండా వెళ్ళండి. పిల్లల్ని కూడా తీసుకెళ్ళండి.

మొదటి శాసనంలోనే ఆయన తన వంటింటి సంగతి చెప్తాడు. ఒకప్పుడు రాజుగారి వంటశాలలో కూరల కోసం రోజూ లక్షల ప్రాణుల్ని చంపేవారట. ఇప్పుడు మూడే చంపుతున్నారు: రెండు నెమళ్ళు, ఒక జింక. ఆ జింక కూడా ప్రతిరోజూ కాదు. ముందుముందు ఈ మూడింటినీ చంపరు. ఆ పెద్ద అంకె సంగతి ఎలా ఉన్నా, నన్ను ఆపేది ఆ చిన్న అంకె. అంతటి చక్రవర్తి దేశానికి అహింస బోధిస్తూ, మా ఇంట్లో ఇంకా రెండు నెమళ్ళు, అప్పుడప్పుడూ ఒక జింక తెగుతున్నాయి అని రాతి మీద చెక్కించాడు. పూర్తిగా మానేశానని రాయించుకుంటే అడ్డు చెప్పేదెవరు? అయినా రాయించలేదు. ఆ మనిషి మాటను నేను నమ్మడానికి ఆ జింక ఒక్కటి చాలు.

ఇక కళింగ. పట్టాభిషేకమైన ఎనిమిదేళ్ళకు ఆ యుద్ధం జరిగింది. లక్షన్నర మందిని చెరపట్టి తరలించారు, లక్షమంది చనిపోయారు, అంతకు ఎన్నో రెట్లమంది ఆ తర్వాత పోయారు అని పదమూడో శాసనంలో ఆయనే చెప్పాడు. చనిపోయినవాళ్ళ బంధువులు, స్నేహితులు, ఇంటి పనివాళ్ళు పడ్డ బాధ కూడా తనకు భారంగా ఉందన్నాడు. గెలిచిన రాజు గెలిచిన యుద్ధం గురించి ఇలా రాయించుకోవడం ప్రపంచ చరిత్రలో చాలా అరుదు.

కానీ ఇక్కడొక మెలిక ఉంది. ఈ పశ్చాత్తాప శాసనం గుజరాత్‌లోని గిర్నార్‌లో ఉంది, ఇప్పటి పాకిస్తాన్‌లోని షాబాజ్‌గఢీలో ఉంది, మన ఎర్రగుడిలో ఉంది. కళింగలో లేదు! ధౌలిలోనూ జౌగడలోనూ శాసనాలు చెక్కినప్పుడు పదకొండు నుంచి పదమూడు దాకా శాసనాల్ని తీసేసి, వాటి స్థానంలో వేరే రెండు శాసనాలు పెట్టారు. ఎవరికైతే ఆ గాయం తగిలిందో వాళ్ళకు తప్ప మిగతా రాజ్యమంతటికీ క్షమాపణ వినిపించాడన్నమాట. దీన్ని చూసి కొందరు అశోకుడిదంతా నాటకమని తేల్చేస్తారు. నేను ఒప్పుకోను. కళింగలో ఆ శాసనాల బదులు ఏం పెట్టారో చదవండి. "మనుషులందరూ నా బిడ్డలు" అన్న మాట అక్కడే ఉంది. అది అక్కడి అధికారులకు రాసినది: కారణం లేకుండా ఎవర్నీ జైల్లో పెట్టకండి, హింసించకండి, అసూయతో, కోపంతో, తొందరపాటుతో, బద్ధకంతో తీర్పులు చెప్పకండి. దీన్ని తిష్య నక్షత్రం రోజున, అంటే మన పుష్యమి రోజున, జనానికి చదివి వినిపించాలి. వినడానికి ఒక్క మనిషే ఉన్నా వినిపించాలి. ఆలోచిస్తే ఇది క్షమాపణకంటే బరువైన పని. జనం చెవిన పడేలా అధికారికి ఆంక్షలు పెడితే, రేపు ఆ అధికారిని నిలదీసే హక్కు జనానికి వచ్చినట్టే.

అయితే ఆ పగ్గం ఎంతవరకు పనిచేసింది? కళింగను తిరిగి ఇవ్వలేదు. సైన్యాన్ని రద్దు చేసినట్టు ఎక్కడా లేదు. పశ్చాత్తాపం చెప్పిన అదే శాసనంలో అడవి జాతుల్ని హెచ్చరించాడు: నాకు పశ్చాత్తాపం ఉంది, కానీ బలం కూడా ఉంది, ప్రాణాల మీదికి తెచ్చుకోకండి అని. మరణశిక్షా ఉంచాడు. పట్టాభిషేకమైన ఇరవయ్యారేళ్ళకు వేయించిన స్తంభ శాసనంలో, మరణశిక్ష పడ్డవాడికి మూడు రోజుల గడువు ఇచ్చాడు. ఆ మూడు రోజుల్లో బంధువులు అధికారుల్ని బతిమాలుకోవచ్చు. వినేవాడు లేకపోతే శిక్ష పడ్డవాడు దానాలో ఉపవాసాలో చేసుకుని పరలోకానికి సిద్ధపడొచ్చు. మూడు రోజులు! తక్కువే. కానీ ఆ మూడు రోజుల్లో బతికి బయటపడ్డవాడి ఇంట్లో అడిగితే అది తక్కువ అనరు.

అశోకుడి విషయంలో పగ్గం ఆయన చేతిలోనే ఉంది. తనను తాను ఆపుకున్నాడు, ఎంతవరకు ఆపుకోవాలో తానే తేల్చుకున్నాడు. అడిగేవాడు ఎవరూ లేరు.

అడిగేవాడు ఉంటే ఏమవుతుందో రోమన్ సామ్రాజ్యంలో చూద్దాం. క్రీస్తుశకం 390. థెస్సలొనీక నగరంలో జనం ఎంతో ఇష్టపడే ఒక రథసారథిని సైనికాధికారి జైల్లో పెట్టాడు. జనం తిరగబడి ఆ అధికారిని చంపేశారు. చక్రవర్తి థియోడోసియస్ కోపంతో ఊగిపోయాడు. సైన్యం నగరం మీద పడి దొరికినవాళ్ళను దొరికినట్టు నరికింది. ఏడువేల మంది అని పాత చరిత్రకారుడొకడు రాశాడు. అప్పుడు మిలాన్ బిషప్ అంబ్రోస్ చక్రవర్తికి ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరం ఇప్పటికీ ఉంది. మీరు ప్రాయశ్చిత్తం చేసుకోకుండా చర్చికి వస్తే మీ ఎదుట నేను ఆరాధన జరపలేను అన్నాడు. లోకాన్ని ఏలేవాడు రాజచిహ్నాలు తీసేసి, చర్చిలో జనం ముందు మామూలు పాపిలా నిలబడ్డాడు. నెలల తర్వాత, ఆ ఏటి క్రిస్మస్‌కి గానీ అతన్ని మళ్ళీ చేర్చుకోలేదు. మరణశిక్ష అమలుకు 30 రోజులు ఆగాలనే చట్టం కూడా థియోడోసియస్ పేరుతో ఉంది. అది ఈ ఘోరానికి ముందుదా తర్వాతదా అన్న వాదన చరిత్రకారుల్లో నడుస్తూనే ఉంది.

ఇంతవరకు వింటే అంబ్రోస్‌కి దండం పెట్టాలనిపిస్తుంది. నాకూ అనిపించేది. కానీ రెండేళ్ళు వెనక్కి వెళ్ళండి. 388లో, యూఫ్రటీస్ ఒడ్డున కల్లినీకం అనే ఊళ్ళో స్థానిక బిషప్ ప్రోద్బలంతో ఒక గుంపు యూదుల ప్రార్థనా మందిరాన్ని తగలబెట్టింది. చక్రవర్తి న్యాయంగానే మాట్లాడాడు: తగలబెట్టించిన బిషప్ సొంత ఖర్చుతో దాన్ని కట్టివ్వాలి. అంబ్రోస్ అడ్డం పడ్డాడు. చర్చిలో, ఆరాధన మధ్యలో, చక్రవర్తి మొహం మీదే నిలదీసి, ఆ ఆజ్ఞ వెనక్కి తీసుకునేదాకా ముందుకు కదల్లేదు. థియోడోసియస్ తలవంచాడు. మందిరం కాలిపోయినవాళ్ళకు న్యాయం జరగలేదు.

అదే చక్రవర్తి, అదే బిషప్, అదే భక్తి. ఒకసారి ఊచకోతకు ప్రాయశ్చిత్తం చేయించింది, ఒకసారి న్యాయమైన తీర్పును రద్దు చేయించింది. ఈ రెండు సంఘటనల్ని విడివిడిగా చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. మతం మంచిదని చెప్పాలనుకున్నవాళ్ళు మొదటిది చెప్తారు, చెడ్డదని చెప్పాలనుకున్నవాళ్ళు రెండోది చెప్తారు. దయచేసి రెండూ కలిపి చదవండి. పాలకుడి భక్తికి పగ్గం గురువు చేతిలో ఉంటే, ఆ గురువు దయ ఎంతవరకు వెళ్తుందో పాలకుడి దయ కూడా అంతవరకే వెళ్తుంది.

గురువు దయ పెద్దదైతే ఎలా ఉంటుందో మన నేల మీదే ఉంది. కాకతీయ గణపతిదేవుడు శైవాచార్యుడు విశ్వేశ్వర శంభువు దగ్గర దీక్ష తీసుకున్నాడు. రుద్రమదేవి కాలంలో, 1261 నాటి మల్కాపురం శాసనం ఆ ఆచార్యుడికి మందడం గ్రామాన్ని ఇచ్చిన సంగతి చెప్తుంది. ఇప్పుడు అమరావతి రాజధాని అంటూ రోజూ పేపర్లో కనబడే మందడమే అది. ఆ ఆదాయాన్ని గుడికీ, మఠానికీ, చదువుకునేవాళ్ళకీ పంచి, ఒక వాటా ప్రసూతిశాలకూ ఆరోగ్యశాలకూ అన్నసత్రానికీ పెట్టారు. ఏడువందల అరవై ఏళ్ళ కిందట కాన్పుల కోసం ఒక శాల, దానికి ఊరి ఆదాయంలోంచి ఏర్పాటు! ఆ సంగతి చదివినప్పుడల్లా నాకు గర్వంగా ఉంటుంది, దాచుకోను.

మొఘలుల దగ్గరికి వస్తే మనకు టెన్షన్ మొదలవుతుంది, ఎందుకంటే ఇప్పటి రాజకీయాలన్నీ ఆ పేర్ల మీద వాలతాయి. తేదీలు పట్టుకుంటే కాస్త నిమ్మళంగా మాట్లాడుకోవచ్చు. అక్బర్ యుద్ధ ఖైదీల కుటుంబాల్ని బానిసలుగా చేయడం మాన్పించింది 1562లో. యాత్రికుల పన్ను తీసేసింది 1563లో. ముస్లింలు కానివాళ్ళ మీద వేసే జిజియా పన్ను తీసేసింది 1564లో. అప్పటికి ఆయనకు ఇరవై రెండేళ్ళు కూడా నిండలేదు. అన్ని మతాల పండితుల్ని కూర్చోబెట్టి చర్చలు పెట్టిన ఇబాదత్‌ఖానా కట్టింది 1575లో. అంటే మత విచారణ ముందు, ఉదారత తర్వాత అని మనం బడిలో చదువుకున్న క్రమం తిరగబడింది. రాజపుత్రులతో కలిసి రాజ్యం నిలబెట్టుకోవలసిన అవసరం ముందొచ్చింది. సులహ్-ఎ-కుల్, అంటే అందరితో సామరస్యం అన్న ఆలోచన, ఆ పాలన లోపల నుంచి మెల్లగా పండింది. మధ్యలో 1568లో చిత్తోడ్ కోట పట్టుకున్నప్పుడు వేలమంది మామూలు జనాన్ని చంపించి, దాన్ని ఇస్లాం విజయంగా ప్రకటించుకున్నదీ ఆ అక్బరే. నాయకుడు పుట్టుకతో ఉదారుడు అనుకోవడం మన బద్ధకం. పాలిస్తూ పాలిస్తూ మారాడు. 1579లో, మతవిషయాల్లో పండితుల మధ్య తేడా వస్తే చివరి మాట నాది అని వాళ్ళచేతే సంతకాలు చేయించుకున్నాడు. ఉలేమా, అంటే ఆ మతపండితుల, చేతిలోని పగ్గాన్ని తన చేతిలోకి తీసుకోవడమే అది.

ఔరంగజేబు 1658లో గద్దెనెక్కాడు. జిజియా మళ్ళీ వేసింది 1679లో. మధ్యలో ఇరవై ఒక్క ఏళ్ళు! నమ్మకం ఒక్కటే కారణమైతే గద్దెనెక్కిన ఏడే వేసేవాడు. ఆయన పాలన చివరి సగంలో మన్సబ్‌దారుల్లో, అంటే హోదా ఉన్న మొఘల్ అధికారుల్లో, హిందువుల వాటా అక్బర్ కాలంకంటే ఎక్కువే, దాదాపు మూడో వంతు. ఇది చెప్తే జిజియా భారాన్ని తక్కువ చేస్తున్నానని అనుకోవద్దు. కట్టినవాడికి అది డబ్బుతో పాటు అవమానం కూడా. నేను చెప్పేదల్లా, ఆ మనిషిని ఒక్క గీతతో గీయలేమని.

మనకు దగ్గరి ఉదాహరణ గోల్కొండ. కుతుబ్‌షాహీలు కూడా ముస్లింలే, షియాలు. బీజాపూర్, గోల్కొండల మీద యుద్ధం ధర్మబద్ధమేనా అని అడిగితే, ఔరంగజేబు సొంత ప్రధాన ఖాజీ షేక్ ఉల్ ఇస్లాం కాదన్నాడు. తోటి ముస్లింల మీద యుద్ధానికి ఫత్వా ఇవ్వనని పదవి వదిలి మక్కా దారి పట్టాడు. పాదుషా ఏం చేశాడు? యుద్ధం చేశాడు. 1686లో గోల్కొండ మంత్రులు అక్కన్న మాదన్నల్ని వీధిలో చంపేశారు, 1687లో ఎనిమిది నెలల ముట్టడి తర్వాత కోట పడింది. టోపీలు కుట్టుకున్నాడు, ఖురాన్ స్వదస్తూరీతో రాశాడు అని ఆయన నిష్ఠ గురించి చెప్తారు. ఆ నిష్ఠ తిండినీ బట్టనూ నిద్రనూ అదుపులో పెట్టింది. దక్కన్ మీద ఆశ దగ్గరికి వచ్చేసరికి ధర్మశాస్త్రం చెప్పేవాడే వద్దన్నా ఆపలేదు. నాయకుడి సొంత జీవితం నిరాడంబరంగా ఉందని మురిసిపోయే అలవాటు మనకు ఇప్పటికీ ఉంది. నిరాడంబరత మంచిదే. కానీ ఆ మనిషికి అన్నిటికంటే ఇష్టమైనది ఏమిటో చూడాలి, దాని దగ్గర నమ్మకం అడ్డం నిలిచిందో లేదో చూడాలి.

గాంధీ విషయంలో నిలిచింది. 1922 జనవరిలో గుంటూరు జిల్లా పెదనందిపాడు ప్రాంతంలో రైతులు శిస్తు కట్టడం మానేశారు. పర్వతనేని వీరయ్య చౌదరి నాయకుడు. గ్రామాధికారులు రాజీనామాలు చేశారు, జప్తులకు బెదరలేదు, సైన్యం వచ్చినా చెయ్యెత్తలేదు. దేశమంతా ఒక ఏడాదిలో స్వరాజ్యం అన్న ఊపులో ఉంది. ఫిబ్రవరి 4న ఇప్పటి ఉత్తరప్రదేశ్‌లోని చౌరీచౌరా పోలీస్ స్టేషన్‌ని జనం తగలబెట్టారు, 22 మంది పోలీసులు చనిపోయారు. ఫిబ్రవరి 12న బార్డోలీలో కాంగ్రెస్ కార్యవర్గం సహాయ నిరాకరణను ఆపేసింది. గాంధీ ఐదు రోజులు ఉపవాసం ఉన్నారు. పెదనందిపాడు పోరాటమూ ఆ నెలలోనే ఆగిపోయింది. జైళ్ళలో ఉన్న పెద్ద నాయకులు, యువకుడైన నెహ్రూ సహా, మండిపడ్డారు.

ఆయన ఆపింది తాను జీవితంలో అన్నిటికంటే ఎక్కువగా కోరుకున్న పనిని. అక్కడే నాకు ఆయన నమ్మకం మీద గురి కుదురుతుంది. అయితే పెదనందిపాడు రైతు వైపు నుంచి కూడా చూడాలి. అతను ఎవర్నీ కొట్టలేదు, ఏదీ తగలబెట్టలేదు. ఎక్కడో జరిగినదానికి ఇక్కడ అతని పోరాటం ఆగింది. పగ్గం గాంధీ అంతరాత్మ చేతిలో ఉంది, కానీ ఒక్కసారిగా లాగితే ఆగి పడ్డది అతను కూడా. ఒక మనిషి మనస్సాక్షి మీద దేశం మొత్తం నడిస్తే ఈ ఇబ్బంది తప్పదు. ఆ మనస్సాక్షి ఎంత పవిత్రమైనదైనా సరే. ఈ మాట గాంధీ మీద గౌరవం తగ్గకుండానే అంటున్నాను.

చివరిగా దేవుణ్ణి పక్కన పెట్టిన సిద్ధాంతం, మార్క్సిజం. స్టాలిన్ తిఫ్లిస్‌లో పాదిరీల బడిలో ఐదేళ్ళు చదివాడు. ఆ తర్వాత ఆయన పాలనలోనే 1931లో మాస్కోలోని క్రీస్తు రక్షకుడి మహా ఆలయాన్ని పేల్చేశారు. వేలమంది పూజారులు పోయారు. 1943 సెప్టెంబర్‌లో, జర్మనీతో యుద్ధం మధ్యలో, ఒక రాత్రి ముగ్గురు మత పెద్దల్ని క్రెమ్లిన్‌కి పిలిపించి, మీ చర్చి మళ్ళీ నడుపుకోండి అన్నాడు. నాలుగు రోజుల్లో కొత్త పేట్రియార్క్‌ని, అంటే ఆ చర్చి అధిపతిని, ఎన్నుకున్నారు. చంపడానికీ సిద్ధాంతం అడ్డు రాలేదు, రాజీ పడటానికీ అడ్డు రాలేదు. అలాంటప్పుడు ఆ సిద్ధాంతం ఆయన్ని నడిపించిందని ఎలా అంటాం? ఆయన దాన్ని నడిపించాడు.

అదే మార్క్సిజం నెల్లూరు జిల్లా అలగానిపాడులో పుట్టిన కుర్రాణ్ణి వేరే విధంగా పట్టుకుంది. పుచ్చలపల్లి సుందరరామిరెడ్డి తన పేరులోంచి కులం తీసేసి సుందరయ్య అయ్యాడు. భూస్వామి కుటుంబంలో తన వాటాకు వచ్చిన ఆస్తి పార్టీకి ఇచ్చేశాడు. లీలగారిని 1943లో పెళ్ళి చేసుకున్నాక, పిల్లలుంటే ఉద్యమం నుంచి మనసు పక్కకి పోతుందని ఆపరేషన్ చేయించుకున్నాడు. 1952లో రాజ్యసభకు వెళ్ళాక పార్లమెంటుకు సైకిల్ మీద వెళ్ళేవాడు. ఇవి చాలామందికి తెలిసిన సంగతులే. సైకిల్ ఫోటో చూసి ముచ్చటపడి మనం అక్కడే ఆగిపోతాం. ఇందాక ఔరంగజేబు గురించి చెప్పినదే ఇక్కడా వర్తిస్తుంది: సైకిల్ ఒక్కటే చాలదు.

సుందరయ్య సంగతి తేలేది ఎమర్జెన్సీ రోజుల్లో. 1964లో సీపీఎం ఏర్పడిన నాటి నుంచి ఆయనే దాని ప్రధాన కార్యదర్శి. పదకొండేళ్ళు తన చేతులతో పెంచిన పార్టీ. ఇందిరాగాంధీ నియంతృత్వాన్ని ఎదిరించడానికి హిందూ జాతీయవాద పార్టీ జనసంఘ్‌తో కూడా కలవాలని పార్టీలో ఎక్కువమంది అన్నారు. అది నమ్మినదానికి విరుద్ధమని ఆయన వాదించాడు, ఓడిపోయాడు. ఇంకా కొన్ని విషయాల్లో కూడా పార్టీ దారి తప్పుతోందని ఆయన అభిప్రాయం. వివరంగా ఉత్తరం రాసి పదవి వదిలేశాడు. ఆ వాదనలో ఎవరిది ఒప్పు అన్నదానిమీద ఈ హాల్లోనే రెండు అభిప్రాయాలుంటాయి. నియంతృత్వం ముందు పాత తగాదాలు పక్కన పెట్టాల్సిందే అనేవాళ్ళ మాటలో బలం ఉంది, నేను కాదనను. కానీ ఆయన ఏం చేయలేదో కూడా చూడండి. పార్టీని చీల్చలేదు. తనతో వచ్చేవాళ్ళను వెంటేసుకుని కొత్త జెండా ఎత్తలేదు. ఎక్కువమంది మాటను గౌరవించాలన్నదీ ఆయన సిద్ధాంతమే, ఈ దారిలో నేను మిమ్మల్ని నడిపించలేను అన్నదీ ఆయన సిద్ధాంతమే. రెండింటికీ కట్టుబడాలంటే మిగిలింది కుర్చీ ఖాళీ చేయడమే. ఢిల్లీ వదిలి ఆంధ్రకి వచ్చి, 1978లో గన్నవరం నుంచి మళ్ళీ శాసనసభకు గెలిచి, 1985లో పోయేదాకా ఆ పార్టీలోనే పనిచేశాడు.